అచ్చులో ప్రశ్న, చేతిరాతలో జవాబు: ఒక చేతిరాత ఫాంట్ కేస్ స్టడీ

క్లయింట్ ఎవరో తెలియకుండా ఉండాలని వస్తువుల పేర్లు, లేబుళ్ల మీది మాటలు కొన్ని మార్చాను. పని జరిగిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. ఈ పనిలో రెండు వెర్షన్లు పాడయ్యాయి, రెండుసార్లూ తప్పు ఫాంటుదే అనుకుని ఇంకో ఫాంట్ వెతకడానికి కూర్చున్నాను. అసలు తప్పు ఎక్కడుందో తెలిసేసరికి రెండు నెలలు పట్టింది.

నేపథ్యం

నోటుబుక్కులు, లెటర్ ప్యాడ్లు తయారుచేసే ఒక చిన్న సంస్థ. యజమాని యాభై దాటిన ఆవిడ, కాగితమంటే పిచ్చి, చేత్తో తడిమి మందం చెప్పగలరు. బడి రోజుల్ని గుర్తుచేసే నోటుబుక్కుల శ్రేణి ఒకటి కొత్తగా తేవాలనుకున్నారు. నాకు చెప్పింది ఒక్క మాట: "ఎవరో మనకోసం కూర్చుని చేత్తో రాసిచ్చినట్టు ఉండాలండీ." అట్ట మీద లేబుల్, లోపల మొదటి పేజీ, పుస్తకాల కట్ట చుట్టూ వేసే కాగితపు పట్టీ, వెబ్‌సైట్, ఒక పెద్ద బ్యానర్ చెయ్యాలి. ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ.

ఫాంట్ ఆవిడే ఎంచుకుని వచ్చారు. ఉచితంగా దొరికే సైట్ నుంచి దించిన ఒక కాపర్‌ప్లేట్ తరహా అక్షరం, సన్నం గీత, లావు గీత, పైకీ కిందికీ వంపులు. జిప్ ఫైలు విప్పి అందులోని టెక్స్ట్ ఫైలు చదివితే మొదటి లైనులోనే ఉంది, సొంత వాడకానికి మాత్రమే అని. అమ్మే వస్తువు మీద వెయ్యడానికి వీల్లేదు. అందరూ ఈ ఫైలు తెరవకుండా ఫాంట్ ఇన్‌స్టాల్ చేసేస్తారు (నేనూ ఒకప్పుడు అంతే), ముద్రణ అయ్యాక టెన్షన్ పడతారు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవైతే వ్యాపారానికి వాడొచ్చు, ఫాంటునే విడిగా అమ్ముకోకూడదంతే. కొనుక్కున్నవాటిలో డెస్క్‌టాప్ లైసెన్సు వేరు, వెబ్ లైసెన్సు వేరుగా ఉండటం మామూలే. ఆవిడకి ఇదంతా చెప్పి, మాట్లాడుకోవడానికి మాత్రం ఆ అక్షరంతోనే ఒక నమూనా చేశాను, ఎందుకంటే ఆవిడ మనసులో ఉన్నది ముందు కాగితం మీద కనబడితే తప్ప మాట ముందుకి సాగదు.

మొదటి వెర్షన్: పెళ్లి పత్రిక

ఆ నమూనాని నోటుబుక్కులు కొనే వయసువాళ్లు, అంటే ముప్ఫై అటూ ఇటూ ఉన్న ఐదుగురికి చూపించాం. ఏమీ చెప్పకుండా చేతికిచ్చి, ఇది దేనికి సంబంధించింది అని అడిగాం. ముగ్గురు పెళ్లి పత్రిక కవరు అన్నారు. ఒకరు సెంటు సీసా అన్నారు. బడి మాట ఒక్కరి నోటా రాలేదు.

ఆవిడకి ఆ అక్షరంలో కనబడుతున్నది ఇంకు పెన్ను, పాళీ, కాపీ రాసిన రోజులు. కొనేవాళ్లకి ఆ పెన్నుతో పరిచయమే లేదు, వాళ్లు బాల్ పెన్నుతో పెరిగినవాళ్లు. ఎవరి చిన్నతనం అని అడక్కుండా పాతజ్ఞాపకం అన్న మాట పట్టుకుని ఫాంట్ వెతకడం మొదటి తప్పు. ఇదింకా నయం, ఒక్క పరీక్షతో బయటపడింది.

ఇక్కడే ఒక పక్క మాట. పాతగా అనిపించే చేతిరాత ఫాంట్లలో రెండు జాతులున్నాయి, వాటిని కలిపేసుకుంటాం. మిస్త్రాల్ అని ఒక ఫాంట్ ఉంది, ఫ్రెంచ్ డిజైనర్ రోజే ఎక్స్‌కోఫాన్ తన సొంత దస్తూరి ఆధారంగా చేసింది, 1953లో వచ్చింది, లోహపు అచ్చులోనే అక్షరాలు గొలుసుకట్టుగా కలిసేలా చేశాడు. గొప్ప పని. కానీ ఈరోజు దాన్ని చూస్తే గుర్తొచ్చేది ఎవరి దస్తూరీ కాదు, ఆ ఫాంట్‌తో వేసిన పాత దుకాణాల బోర్డులు. అంటే ఆ జ్ఞాపకం ఫాంట్ తాలూకుది. మా పనికి కావాల్సింది రాత తాలూకు జ్ఞాపకం. ఈ తేడా తెలిశాక ఎంచుకోవాల్సిన ఫాంట్లు సగానికి సగం తగ్గిపోయాయి.

రెండో వెర్షన్: అంతా చేతిరాతే

ఈసారి బాల్ పెన్ను తరహా ఫాంట్లు తీసుకున్నాను. గీత అంతటా ఒకే మందం, వంపులు తక్కువ, కాస్త హడావుడిగా రాసినట్టు. లేబుల్ మీద సంస్థ పేరు, పుస్తకం రకం, పేజీల సంఖ్య, 'పేరు', 'తరగతి' అన్న మాటలు, బ్యాచ్ నంబరు, అన్నీ ఆ ఫాంట్‌లోనే పెట్టాను. ముఖ్యమైనవి పెద్దగా, మిగతావి చిన్నగా. పాత కాగితం రంగు వేసి, అక్షరాల అంచులు అక్కడక్కడా అరిగినట్టు చేశాను.

ఈసారి అడిగితే నర్సరీ పిల్లల పుస్తకమా అన్నారు. ఇంకొకాయన ఏడుని ఒకటిగా చదివాడు, అదీ బ్యాచ్ నంబరులో. నాకు మాత్రం ఏదో దొంగతనంలా అనిపించింది, ఎందుకో చెప్పలేను. ఫాంట్ సరిగ్గా లేదని తేల్చేసి, ఇంకో నాలుగు మార్చి చూశాను. నాలుగూ అలాగే ఉన్నాయి. ఫాంట్ మారినా రోగం మారకపోతే ఫాంట్‌ని అనుమానించడం మానెయ్యాలి. ఈ ముక్క అప్పుడు తట్టలేదు.

చివరికి ఆవిడ ఇంట్లో అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దింపించారు. వాళ్ల పిల్లల పాత నోటుబుక్కులు. పక్కన పెట్టుకుని, స్కేలూ భూతద్దమూ పట్టుకుని కూర్చున్నాను. అరగంటలో తెలిసినవి రెండు.

ఒకటి: ఆ లేబుళ్ల మీద 'పేరు' అన్న మాట చేతిరాతలో లేదు. అచ్చులో ఉంది. నీరసమైన, ఎవరూ రెండోసారి చూడని అచ్చు అక్షరం, పక్కన చుక్కల గీత. చేతిరాత ఉన్నది ఆ గీత మీద. పేరు కాస్త పొడుగైతే గీత దాటి పెట్టె అంచుని తాకుతోంది, ఒకచోట చివరి రెండు అక్షరాలు ఇరుకుగా దూరాయి. గుండెలో ఎక్కడో తగులుతున్నది ఆ రాత అందం కాదు, ఎవరో వేసిన అచ్చు ఫారంలో ఒక మనిషి తన పేరు నింపుకోవడం. అడిగేది యంత్రం, జవాబిచ్చేది చెయ్యి. నేను ప్రశ్నని కూడా చేత్తో రాసేశాను, అందుకే దొంగతనంలా ఉంది. 'పేజీలు: 192' అని ఏ పిల్లవాడు చేత్తో రాసుకుంటాడు?

రెండు: కొలత. ఆ పుస్తకాల్లో బాల్ పెన్ను గీత దాదాపు 0.4 మిల్లీమీటర్లు. చిన్న అక్షరం ఒళ్లు, అంటే ఇంగ్లీషులో ఎ, ఇ లాంటివాటి ఎత్తు, 2.5 మిల్లీమీటర్ల దగ్గర. గీత మందం ఎత్తులో ఇంచుమించు ఆరో వంతు. నేను ప్రయత్నించిన ఫాంట్లలో చాలావాటికి గీత ఎత్తులో నాలుగో వంతు ఉంది, ఎందుకంటే అవి డిస్‌ప్లే ఫాంట్లు, దూరం నుంచి కనబడాలని మార్కర్ పెన్ను మందంతో గీసినవి. పైగా ఒకే లేబుల్ మీద అదే ఫాంట్‌ని మూడు సైజుల్లో పెట్టాను కదా, గీత మూడు మందాల్లో వచ్చింది. అంటే ఆ లేబుల్‌ని ఎవరో మూడు పెన్నులు మార్చి మార్చి రాసినట్టు. అచ్చు అక్షరాన్ని పెంచితే హెడ్డింగ్ అవుతుంది, చేతిరాతని పెంచితే పెన్ను మారిపోతుంది. ఇది చూసేవాళ్లు చెప్పలేరు, కానీ కన్ను పట్టేస్తుంది.

మూడో వెర్షన్, దానిలోని తిప్పలు

ఇక్కడి నుంచి ఎంపిక తేలికైంది. గీతకీ ఎత్తుకీ మధ్య నిష్పత్తి ఆరో వంతు దగ్గర ఉండాలి, గీత మందం మారకూడదు, ఒకే అక్షరానికి ఒకటికంటే ఎక్కువ రూపాలుండాలి. ఈ మూడోది ఎందుకంటే, ఒకే మాటలో రెండు 'ఇ'లు అచ్చం ఒకేలా ఉంటే చేతిరాత అన్న భ్రమ అక్కడే చచ్చిపోతుంది. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫైళ్ల పద్ధతిలో దీనికి కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ అన్న ఏర్పాటుంది, పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం దానంతట అదే మారుతుంది. పాబ్లో ఇంపల్లారి చేసిన కేవియట్ అనే ఫాంట్ ఈ పద్ధతిలో నడుస్తుంది, ఉచితం కూడా, ఈ ఫీచర్ ఎలా పనిచేస్తుందో చూడాలనుకునేవాళ్లకి మంచి ఉదాహరణ. మా పనికి చివరికి ఎంచుకున్నది వేరేది, పేరు చెప్తే క్లయింట్ తెలిసిపోతుంది.

సైజు కూడా కొలతని బట్టే వచ్చింది. ఆ ఫాంట్‌లో చిన్న అక్షరం ఎత్తు మొత్తం సైజులో 35 శాతం. కాగితం మీద 2.5 మిల్లీమీటర్లు రావాలంటే 20 పాయింట్లు పెట్టాలి. అంతే, అన్నిచోట్లా 20. చిన్నగా కావాల్సింది ఏదైనా ఉంటే అది అచ్చు అక్షరానికి పోతుంది. సంస్థ పేరు, పేజీలు, బ్యాచ్ నంబరు, 'పేరు', 'తరగతి' అన్నీ ఒక సాదా సెరిఫ్‌లోకి, అంటే గీతల చివర చిన్న కాళ్లుండే అచ్చు ఫాంట్‌లోకి వెళ్లిపోయాయి. చేతిరాత మిగిలింది రెండు చోట్లే: పుస్తకం రకం రాసే గీత మీద, మొదటి పేజీలో ఒక వాక్యం. అరిగిన అంచులు తీసేశాను. బాల్ పెన్ను రాత పెచ్చులూడదు, ఆ అరుగుదల రబ్బరు స్టాంపుదో, గోడ మీద రంగుదో.

నమూనా ముద్రణలో ఇంకో దెబ్బ. నీలం ఇంకు రంగు కావాలని మామూలు నాలుగు రంగుల అచ్చు పద్ధతిలోనే సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు) కలిపి పెట్టాను. స్క్రీన్ మీద ముత్యాల్లా ఉన్న రాత కాగితం మీద నలిగిన దారంలా వచ్చింది. లెక్కేస్తే విషయం తేలింది: అచ్చులో ఇలాంటి రంగు సన్నటి చుక్కల వలగా పడుతుంది, అంగుళానికి 150 వరసలుండే వలలో ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ దూరం 0.17 మిల్లీమీటర్లు, నా గీత మందం 0.4. అంటే గీత అడ్డంగా రెండు మూడు చుక్కలే. అంచు నున్నగా ఎలా వస్తుంది? పైగా రెండు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్రటి నీడ. చేతిరాతకి విడిగా ఒక స్పాట్ కలర్, అంటే ముందే కలిపిన ఒకే ఇంకు, తీసుకున్నాం. ఆవిడ ఖర్చు చూసి కాస్త వెనకాడారు, ఆ నీలం ఒక్కటీ స్పాట్, అచ్చు అక్షరాలు నలుపు, మొత్తం రెండే రంగులు అనేసరికి లెక్క కుదిరింది. కాగితానికి వేసిన పాత రంగు కూడా అప్పుడే ఎగిరిపోయింది, దానికి బదులు నిజంగానే లేత గోధుమ రంగు కాగితం తెప్పించారు.

తెలుగు దగ్గర ఆగిపోయాం

ఇంగ్లీషు కుదిరింది కానీ తెలుగుకి అలాంటి ఫాంట్ నాకు దొరకలేదు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతిలో, చేతిరాత ఛాయ ఉన్న ఫాంట్లు ఉన్నాయి, లక్కిరెడ్డి లాంటివి, కానీ అది శీర్షికలకీ పోస్టర్లకీ చేసింది, 0.4 మిల్లీమీటర్ల గీత దాన్ని అడగడం న్యాయం కాదు. ఆవిడ దగ్గరున్న పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గీతలు కనబడతాయి. ఇంగ్లీషుకి చేతిరాత పెట్టి తెలుగుని అచ్చులో వదిలేద్దామా అని ఒక రోజంతా ఆలోచించాను. మనింట్లో మనమే పరాయివాళ్లమైనట్టు ఉంటుందని వద్దనుకున్నాను.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న అడిగాను: అసలు ఫాంట్ ఎందుకు? ఫాంట్ కావాల్సింది రేపు ఏ మాట వస్తుందో తెలియనప్పుడు. మా తెలుగు మాటలు పదకొండే, అవీ మారనివి: లెక్కలు, ఉత్తరాలు, పద్దులు, చిత్తు పుస్తకం, ఇలాంటివి. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ గీసి, ఒక్కోదానికి రెండు మూడు రూపాలు కూడా కల్పించి తెలుగు చేతిరాత ఫాంట్ చెయ్యడం నెలల పని. పదకొండు మాటలు ఎవరిచేతనైనా రాయించడం ఒక పూట పని.

రాసింది వాళ్ల స్టాకు రిజిస్టరు చూసే పెద్దాయన. ఆవిడ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారు. ఆ రిజిస్టరు మీద నా కన్ను అంతకుముందే పడింది, ముప్ఫై ఏళ్లుగా ఒకే మనిషి రాసిన రాత. కాగితమిచ్చి రాయమంటే ఆయన కుర్చీ సర్దుకుని, ఊపిరి బిగబట్టి, ముత్యాల కోవలా రాశారు. చచ్చుగా ఉంది. దస్తూరి పోటీకి రాసినట్టు. దాంతో పద్ధతి మార్చి, నలభై ఖాళీ లేబుళ్లిచ్చి, గోడౌన్‌లో పుస్తకాలకి నిజంగానే అంటించాలి, పూరించి పెట్టండి బాబాయ్ గారూ అన్నాం. మొదటి ఇరవై మళ్లీ పోటీ రాతే. ఇరవై ఐదో లేబుల్ దాటాక చెయ్యి తన దారిన తాను పోవడం మొదలెట్టింది. 'లెక్కలు'లో క వత్తు కింద గీతని కోసుకుంటూ పోయింది, చివరి 'లు' కొమ్ము మీదికి లేచి అలా గాల్లో ఆగిపోయింది. మేం తీసుకున్నవన్నీ ఆ చివరి పదిహేనులోవే. ఆయనకి చూపిస్తే నవ్వారు. "ఇదేం రాతమ్మా, హడావుడిలో గీకింది! మంచివి అవతల ఉన్నాయిగా."

ఆయన రాతని ఎక్కడెక్కడ వాడతామో కాగితం మీద పెట్టి, ఆ పనికి విడిగా డబ్బు ఇప్పించాను. దస్తూరి కూడా మనిషి సొత్తే, జీతంలో భాగం కాదు.

600 డీపీఐలో స్కాన్ చేసి, వెక్టర్‌గా (ఎంత పెంచినా అంచు చెదరని గీతల బొమ్మగా) మార్చి, అంచుల్ని అతిగా నున్న చెయ్యకుండా వదిలేశాం. ఇంగ్లీషు ఫాంట్ పక్కన పెట్టినప్పుడు అక్షరాల ఎత్తు కలపడానికి మొదట తంటాలు పడ్డాను, తెలుగు గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఎత్తు కలిపితే అది అరిచినట్టుంది. ఎత్తు వదిలేసి గీత మందం కలిపాను. ఒకే పెన్ను అన్నది కుదిరితే చాలు, రెండు లిపులూ ఒకే చేతివన్న నమ్మకం దానంతటదే వచ్చింది.

వెబ్‌సైట్, బ్యానర్

సైట్‌లో చిన్న చిన్న తప్పులు జరిగాయి. తేలికగా తెరుచుకోవాలని డెవలపర్ ఫాంట్ ఫైలుని సబ్‌సెట్ చేశారు, అంటే అవసరం లేదనుకున్న అక్షరాలు తీసేసి చిన్నది చేశారు, ఆ క్రమంలో ప్రత్యామ్నాయ అక్షరాలన్నీ పోయి, అన్ని 'ఇ'లూ కవలల్లా నిలబడ్డాయి. సబ్‌సెట్ చేసేటప్పుడు ఇలా అక్షర రూపాలు మార్చే లేఅవుట్ ఫీచర్లు మిగిలాయో లేదో చూసుకోవాలి. ఇంకొకటి, ఎవరో అక్షరాల మధ్య దూరం కాస్త పెంచారు, గొలుసుకట్టు మధ్యలో తెగిపోయింది, కలిసి రాయాల్సిన అక్షరాల జంటలు విడిపోయాయి. ఆ దూరం సున్నా తప్ప ఏదీ పెట్టొద్దని ఫైల్లోనే రాసిపెట్టాను. పెన్సిల్ రాతలా బూడిద రంగు పెట్టిన ఒక వాక్యం ఫోన్‌లో కనబడనే లేదు, మామూలు సైజు అక్షరానికి 4.5కి 1 కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) ఉండాలన్న నియమం చేతిరాతకి మినహాయింపు ఇవ్వదు, పైగా సన్నటి గీతకి అంతకంటే ఎక్కువే కావాలి. అక్కడా నీలమే పెట్టాం.

బ్యానర్ దగ్గర ఆవిడకీ నాకూ వాదన జరిగింది. అదే రాతని పది రెట్లు పెంచమన్నారు. పెంచితే గీత 4 మిల్లీమీటర్లవుతుంది, ఆ మందంలో ఎవరూ బాల్ పెన్నుతో రాయలేదు, మళ్లీ మొదటికొస్తాం. అంత పెద్దగా మనిషి రాస్తే బ్రష్షో సుద్దముక్కో పట్టుకుంటాడు, అది వేరే ఫాంట్, వేరే జ్ఞాపకం. రెండింటినీ కాదని, అచ్చయిన లేబుల్‌ని దగ్గర నుంచి ఫోటో తీసి బ్యానరంతా నింపేశాం. కాగితం పీచు కనబడుతోంది, పెన్ను నొక్కినచోట అయితే లోతు లేదు, ఎంతైనా అచ్చే కదా. అయినా ఇది చిన్నదాన్ని పెద్దగా చూపిస్తున్న బొమ్మ అని కన్నుకి వెంటనే తెలుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

అదే ఐదుగురికీ చివరి లేబుల్ చూపించాం. ఎవరూ ఫాంట్ గురించి మాట్లాడలేదు. ఒకమ్మాయి 'పేరు' పక్కనున్న ఖాళీ గీత చూసి పెన్ను ఉందా అని అడిగింది.

ఆ తర్వాత మారిన అలవాట్లు

చేతిరాత ఫాంట్ పని వస్తే ఇప్పుడు ఫాంట్ జాబితా తెరవను. ఇది ఎవరి చెయ్యి, ఏ పెన్ను, ఎంత తొందరలో రాశారు, దేని మీద రాశారు అని నాలుగు ప్రశ్నలు క్లయింట్‌కి పంపిస్తాను. సగంమందికి రెండో ప్రశ్న దగ్గరే వాళ్లు అనుకున్నది మారిపోతుంది. ఆ కాలంలో ఈ మాట అచ్చులో ఉండేదా, చేత్తో రాసేవాళ్లా అని ప్రతి లైనుకీ గుర్తు పెట్టుకుంటాను. అంకెలూ, కోడ్లూ అయితే చర్చ లేకుండా అచ్చుకే. మాటలు మారనివైతే ఫాంట్ కొనే ముందు ఒక మనిషి చేత రాయించి చూస్తాను.

రెండో విడత ముద్రణకి ఒక కొత్త పుస్తకం చేరింది, డైరీ. పదకొండు మాటల్లో అది లేదు. బాబాయ్ గారిచేత మళ్లీ నలభై లేబుళ్లు నింపించాం. మధ్యలో ఆయనకి కంటి ఆపరేషన్ అయింది, కొత్త కళ్లద్దాలు, పెన్నూ మారింది. రాత కొంచెం నిటారుగా, కొంచెం పెద్దగా వచ్చింది, 'లెక్కలు' పక్కన పెడితే తేడా తెలిసిపోతోంది. పాతదానికి కలిసేలా వంచి సరిచెయ్యనా అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. వద్దన్నాను, అలాగే అచ్చుకి పంపాం.